కేతిగాడు లేని యుద్ధము

2024వ సంవత్సరము మే నెల మొదటి వారమున ఒక ఆటపై లోకము నలుమూలల నుండి నిరసనలు వెల్లువగా వచ్చిపడినవి. మూడు దినములలో రెండు లక్షలకు మించిన జనము ఆ ఆటను ఎవరును కొనవలదని స్టీమ్ అను విక్రయశాలలో అభిప్రాయములు వ్రాసినారు. వ్రాసినవారిలో పెక్కుమంది అంతకు ముందు రాత్రి వరకు దానినే మైమరచి ఆడినవారు. ఆ మూడు దినములలో ఆట మారలేదు. మారినది ప్రకాశకుల నిబంధన. కంప్యూటరుపై ఆడువారందరును సోనీ సంస్థవారి ఖాతాను తప్పక తెరువవలెనని మే 3వ తేదీన వారు ప్రకటించినారు. ఆ ఖాతా తెరుచుటకే వీలులేని దేశములు నూరుకు పైగా ఉన్నవి. ఆ దేశములలో డబ్బిచ్చి ఆటను కొన్నవారి గతి యేమి? ప్రశ్న న్యాయమైనది. గగ్గోలునకు వెరచి సోనీవారు మూడవనాడే నిబంధనను వెనుకకు తీసికొన్నారు. అభిప్రాయములు మరల తారుమారైనవి.

ఇంతకును ఆ మూడు దినములలో జనము మార్కులు వేసినది దేనికి? ఆటకా, వర్తకునికా? రెండింటికిని వేసిన మార్కులు ఒకే పట్టికలో పడినవి. ఆ పట్టికను చూచి ఆట గుణమును తెలిసికొనదలచినవానికి ఏమియు తెలియదు.

ఆట పేరు హెల్‌డైవర్స్ 2. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లోని ఆరోహెడ్ అను సంస్థ దానిని నిర్మించినది. 2024 ఫిబ్రవరి 8వ తేదీన అది వెలువడినది. జాతి చెప్పవలెనన్న వైజ్ఞానిక కల్పన. దళముగా కూడి ఆడు తుపాకి ఆట. నలుగురు ఆటగాండ్రు నాలుగు ఇండ్లలోనో నాలుగు దేశములలోనో కూర్చుండి, తెరపై మాత్రము ఒకే దళమై అంతరిక్షనౌక నుండి పరగ్రహముపైకి దూకుదురు. ఒకచోట రాక్షసాకారములైన పురుగులు, మరియొకచోట యంత్రసైనికులు శత్రువులు. తోడివాని గుండు తగిలినను ప్రాణము పోవును. పైనున్న నౌక నుండి ఫిరంగి సాయము కావలెనన్న, శత్రువు మీదికి ఉరుకుచుండగనే బాణపు గుర్తుల వరుసను తప్పులేక నొక్కవలెను. చేయి తడబడినచో సాయము రాదు. వచ్చినను తనవారి నెత్తిననే పడవచ్చును. చచ్చిన సైనికుని స్థానమున మరియొకడు ఆకాశము నుండి క్షణములో దిగును. నలుగురి దళమునకు ఇట్టి బదులు సైనికులు ఇరువదిమంది. పోయినవాని పేరేమని ఎవరును అడుగరు.

బెంగుళూరు నుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గమున హిందూపురము, పెనుకొండ, ధర్మవరము వరుసగా వచ్చును. ఈ మూడు ఊళ్ల పాఠశాలలలో ఆ స్వీడన్ ఆటను స్వయముగా ఆడినవారు అరుదుగానే ఉందురు. దానికి ఖరీదైన కంప్యూటరో ఆటయంత్రమో కావలెను. గాని దాని దాయాదులైన దళపు తుపాకి ఆటలు సెల్‌ఫోనులో ఉచితముగా దొరకుచున్నవి. పరులు ఆడుచుండగా యూట్యూబులో చూచి ఆనందించువారు అంతకంటె ఎక్కువ. సాయంకాలము బడి వదలిన పిదప నలుగురు బాలురు ఒక అరుగుపై కూర్చుండి, నాలుగు ఫోనులలోనికి తలలు వంచి, ఒకనినొకడు హెచ్చరించుకొనుచు అరచుచున్నారన్న, వారు ఏ దళముననో ఉన్నారని గ్రహింపవచ్చును. మరునాడు తెలుగు తరగతిలో వారిని ఆ యుద్ధమును గురించి అడుగువారు లేరు. అడుగవలెనని ఉపాధ్యాయునకు తోచదు; చెప్పవచ్చునని విద్యార్థికి తోచదు.

పెద్దలు ఇచ్చు తీర్పు సాధారణముగా ఒక్కటే: కట్టిపెట్టుము. కాలము హరించిపోవుట నిజము, కన్నులు నొచ్చుట నిజము. ఆ మందలింపు తప్పని ఎవరు అనగలరు? అయితే నిషేధము ఎంతవరకు పనిచేయునో చూచినదే. 2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించినది. మరుసటి యేడు అదే ఆట పేరు మార్చుకొని వచ్చినది. 2025లో పార్లమెంటు చేసిన చట్టము డబ్బు పందెపు ఆటలను నిషేధించి, ఈ-క్రీడలను వేరుగా గుర్తించినది. జూదమునకు, ఆటకు నడుమ గీత గీయుట మంచిదే. చట్టము చేయగలిగినదియు అంతే. ఒక ఆట ఏమి చెప్పుచున్నది, ఎట్లు చెప్పుచున్నది, ఆడువానిచేత ఏమి చేయించుచున్నది అను విచారణ చట్టమునకు చేతకాదు. అది విమర్శకుని పని. తెలుగు సాహిత్యపుటలు ఆ పనిని ముట్టుకొన్నది బహు తక్కువ.

ఇతర దేశముల విమర్శకులు ఆ పనిని ఎట్లు చేసినారు? ఈ జాతి ఆటలకు వారి మన్నన కొత్తది కాదు. 2005లో లూకాస్‌ఆర్ట్స్ సంస్థవారు రిపబ్లిక్ కమాండో అను ఆటను వెలువరించినపుడు, ముగ్గురు కంప్యూటరు సైనికులను ఒక్క మీటతో నడిపించు ఉపాయమును మెచ్చుకొని, ఆట త్వరగా అయిపోయినదని గొణుగుకొన్నారు. హెల్‌డైవర్స్ 2 విషయమున సమీక్షల సగటు మెటాక్రిటిక్ పట్టికలో నూటికి 82. నలుగురు కలిసి ఆడునపుడు పుట్టు గందరగోళమును, పొరపాటున మిత్రుని చంపి కడుపుబ్బ నవ్వుకొను దృశ్యములను వారు పొగడినారు. తొలి వారములలో ఆటగాండ్ర తాకిడికి సర్వర్లు నిలువలేకపోవుటను తప్పుపట్టినారు. ఖరీదు చెల్లించినవాడు గుమ్మము బయట వరుసలో నిలువవలసి వచ్చినది మరి. 2024 డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్‌లో రెండు బహుమతులు, 2025లో బాఫ్టావారి రెండు బహుమతులు దానికి లభించినవి. వానిలో ఒకటి సంగీతమునకు.

ఈ సమీక్షలలో పెక్కింటి తీరు సరుకు పరీక్ష తీరు. ఎన్ని గంటల ఆట, ఎన్ని ఆయుధములు, బొమ్మ ఎంత స్పష్టము, దోషములెన్ని. బియ్యము కొనువాడు తూకము చూచుట తప్పు కాదు. అన్నము రుచి మాత్రము తూకమున తెలియదు. రుచి మాట ఎత్తిన సమీక్షకులు అందరును ఒకచోట ఆగినారు: ఈ ఆట వెక్కిరింత.

ఎవరిని వెక్కిరించుచున్నది? ఆటలోని ప్రభుత్వము పేరు సూపర్ ఎర్త్. స్వాతంత్ర్యమును, ప్రజాస్వామ్యమును విశ్వమంతట నాటుటకే యుద్ధము చేయుచున్నానని అది చెప్పుకొనును. ఆ ప్రజాస్వామ్యమునకు ‘నిర్వహింపబడిన ప్రజాస్వామ్యము’ అని బిరుదు. పౌరుడు కొన్ని ప్రశ్నలకు బదులు చెప్పును, అతని ఓటును యంత్రమే లెక్కకట్టి వేయును. సమూలముగా నాశనము చేయవలెనని సైనికులను పంపుచున్న ఆ పురుగులున్నవే, వానిని ఒకప్పుడు పెంచినది ఆ ప్రభుత్వమే. వాని కళేబరముల నుండి ఇంధనము తీయుదురు. ఆ ఇంధనమునకు పెట్టిన పేరున 710 అను అంకె కలదు. దానిని తలక్రిందులుగా త్రిప్పి చదివినచో ఇంగ్లీషున నూనె అను మాట వచ్చును. నూనె కొరకు జరిగిన యుద్ధములను ఎరిగిన లోకమునకు వేరు వ్యాఖ్య అక్కరలేదు. అయితే ఈ సంగతులను ఆటలో ఎవరును కూర్చుండబెట్టి చెప్పరు. వినబడునది ప్రభుత్వ ప్రసారము, నినాదములు, వీరగీతము. తెలిసినవాడు నవ్వును. తెలియనివాడు సెల్యూటు చేయును. ఆటలో సెల్యూటు చేయుటకు ఒక మీటయే కలదు.

ఇట్టి వెక్కిరింత బెడిసికొట్టిన ఉదాహరణము ఈ ఆట వంశవృక్షముననే ఉన్నది. అమెరికా రచయిత రాబర్ట్ హైన్లైన్ 1959లో స్టార్‌షిప్ ట్రూపర్స్ అను నవల వ్రాసినాడు. అందు పురుగులతో యుద్ధము, సైనికధర్మ ప్రశంస, అంతయు నిష్ఠగా వ్రాసినదే. 1997లో పాల్ వెర్హోవెన్ దానిని చలనచిత్రముగా తీసినపుడు నిష్ఠను పరిహాసముగా మార్చినాడు. నాజీలు ఆక్రమించిన హాలెండులో బాల్యము గడపినవాడు కనుక ఏ దుస్తులు, ఏ జెండాలు, ఏ నవ్వుమొగములు తెరపై నింపవలెనో అతనికి తెలియును. చిత్రము వెలువడగనే విమర్శకులలో కొందరు, ఇది ఫాసిజమును పొగడుచున్నదని నిందించినారు. దర్పణమును చూచి ప్రతిబింబమును తిట్టినట్లయినది. చాల యేండ్ల పిదప గాని ఆ చిత్రమునకు దాని స్థానము దొరకలేదు. చదువుకొన్న విమర్శకులకే అంత కాలము పట్టినపుడు, ఆటలోని నినాదములను వల్లించు పదునాలుగేండ్ల బాలుని మాటేమి? వానిలో నవ్వుచు వల్లించువాడెవడు, నమ్మి వల్లించువాడెవడు? గిరీశమును చూచి నవ్వవలసినవారే గిరీశము మాటలను మురిపెముగా వల్లించుట తెలుగువారు ఎరుగనిది కాదు.

ధర్మవరము మండలములోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ఆ ఊరి కళాకారులలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. మేకతోలును పారదర్శకమగునంత పలుచగా చేసి, రంగులు వేసి, నగలకు చిన్న చిన్న రంధ్రములు పొడిచి, తెల్లని తెర వెనుక దీపపు వెలుగున ఆడించుట ఆ విద్య. నేడు ఆ చేతులే దీపములకు గొడుగులను, గోడలకు అలంకారములను చేసి అమ్ముకొనుచున్నవి. తెల్లవారుజాము వరకు కూర్చుండి చూచు ఊళ్లు తగ్గినవి. వెలుగుచున్న తెర, దానిపై కదలు రంగుల ఆకారములు, వీరుల దళములు, యుద్ధము: సెల్‌ఫోనులోని బాలుడు చూచుచున్నది జాతిలో దానికి దూరమైనది కాదు. ఇందరజిత్తు బాణము వేయుచున్నాడు, లక్ష్మణుడు మూర్ఛిల్లినాడు, జనము కంటతడి పెట్టినది. అంతలో తటాలున కేతిగాడు దూకును. వాని వెంట జుట్టుపోలిగాడు, బంగారక్క. వారికి లంకతో పనిలేదు. ఊరి పెద్దల మీద, ధరల మీద, మగని మీద, ఆలి మీద మోటు మాటలు విసరుదురు. జనము కన్నీరు తుడుచుకొని విరగబడి నవ్వును. కేతిగాడు పోవును, యుద్ధము మరల సాగును, కన్నీరు మరల వచ్చును. అక్షరము రానివారు సైతము వీరమును హాస్యమును ఒకే తెరపై విడివిడిగా గుర్తింపగలిగినారన్న, వారికి ఆ గుర్తును నేర్పినవాడు కేతిగాడే.

హెల్‌డైవర్స్ 2లో కేతిగాడు లేడు. దాని బలమును దాని అపాయమును అక్కడనే ఉన్నవి. పరిహాసమంతయు రాజుగారి కంఠముతోనే పలుకును. రాజుగారు అబద్ధము చెప్పుచున్నారని చెప్పు రెండవ కంఠము తెరపై లేదు. కేతిగాని పాత్ర ఆటగాడే ధరింపవలసియున్నది. ధరించినవానికి ఆట గొప్ప అధిక్షేపకావ్యము. ధరింపనివానికి పురుగులను కాల్చు వినోదము మాత్రమే. విమర్శకులు దీనిని వెక్కిరింత యని ఒక వాక్యమున పొగడి ముందుకు సాగిపోయినారు. ఆ వెక్కిరింత ఎవరికి చేరుచున్నది, ఎవరికి చేరుటలేదు అను ప్రశ్నవద్ద నిలిచినవారు కొందరే. నిజమైన విమర్శ అక్కడనే ఆరంభము కావలసియున్నది.

మరియొక భేదము కలదు. తోలుబొమ్మలాటలో రావణుని చంపినవాడు రాముడు. క్రింద కూర్చుండి చూచినవాడు కాడు. ఈ ఆటలో తుపాకి మీట నొక్కునది చూచువాని వ్రేలే. సహృదయుడు కర్త అయినాడు. కావ్యవిమర్శకు పాత్ర చేసిన పనిని విచారించుట చాలును. ఇక్కడ చదువరి చేసిన పనిని కూడ విచారింపవలెను. దీనికి 2024లోనే మంచి సందర్భము వచ్చినది. ఈ ఆటలో లోకమందలి ఆటగాండ్రందరి గెలుపోటములు కలిసి ఒకే మహాయుద్ధపు పటమును మార్చును. నిర్వాహకులు అప్పుడప్పుడు అందరికిని కలిపి ఒక ఆజ్ఞ ఇత్తురు. ఒకసారి రెండు గ్రహములను చూపి, ఒకదానిని గెలిచినచో కొత్త మందుపాతరలు దొరకుననియు, రెండవదానిని గెలిచినచో అచ్చట ఆసుపత్రిలో చిక్కుకొన్న రోగిష్ఠి పిల్లలు బ్రతుకుదురనియు చెప్పినారు. మందుపాతరలు ఆటలో చేతికి వచ్చు వస్తువు. పిల్లలు కనబడనైన కనబడరు, వట్టి మాట. ఆటగాండ్రు పిల్లలను ఎన్నుకొన్నారు. నిర్మాతలు ముచ్చటపడి, బాలల సేవచేయు నిజమైన సంస్థకు విరాళము పంపినారు. ఆ మందుపాతరలు పనికిమాలినవని, తమాషాకే ఆ పక్షము చేరినవారు కొందరుండవచ్చును, ఉండనిండు. సైనికుని ప్రాణమునకు కాసు విలువ ఈయని ఆటలో, లేని పిల్లల కొరకు ఇందరు చేయి కలుపుట ఏ మార్కుల పట్టికలోనికిని ఎక్కలేదు. 82లో ఇది లేదు. రెండు లక్షల నిరసనలలోను ఇది లేదు.

మార్కుల పట్టికకు ఇంకొక చిక్కు. గ్రంథము అచ్చుపడిన పిదప స్థిరము. ఈ ఆట అట్టిది కాదు. 2024 ఆగస్టులో నిర్మాతలు కొన్ని ఆయుధముల బలము తగ్గించినపుడు ఆటగాండ్రు మరల కోపించినారు. నిర్మాతలు తప్పొప్పుకొని అరువది దినములలో సరిదిద్దుటకు పూనుకొన్నారు. అభిప్రాయములు మరల మెత్తబడినవి. ఫిబ్రవరిలో సమీక్షకుడు వ్రాసిన ఆట సెప్టెంబరులో కొన్నవానికి దొరకదు. ఇది వింత గాదు. హరికథ ఏ రెండు రాత్రులును ఒక్కటి కాదు; తోలుబొమ్మలాటయు అంతే. అట్టి కళలను గురించి మాటలాడుటకు తెలుగువారికి అలవాటు కలదు. ఆ అలవాటును ఇక్కడకు తేవలసియున్నది.

మార్కుల మాట వచ్చినది గనుక పెనుకొండ ముచ్చట ఒకటి చెప్పుకొనవచ్చును. పుట్టపర్తి నారాయణాచార్యులు బాల్యము గడపినది ఆ ఊరిలోనే. విజయనగరమునకు రెండవ రాజధానియై, 1565 తరువాత మొదటి రాజధానియే అయి, పాడుపడిన ఆ కొండకోటను చూచి మీసము మొలవని వయసులో పెనుగొండలక్ష్మి కావ్యము వ్రాసినారు. ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్ననాడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథము. కవి తన కావ్యమును గురించి తానే ప్రశ్నలకు బదులు వ్రాసి, మార్కుల కొరకు ఎదురుచూడవలసి వచ్చినది. ఆ మార్కులెన్ని అని నేడు ఎవరును అడుగరు, కావ్యము నిలిచినది.

కొత్త రూపము వచ్చినపుడు పాత కొలబద్ద తడబడుట ఈ సీమకు మరియొక విధముగను తెలియును. ఆంధ్ర నాటక పితామహుడని పేరందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1853లో జన్మించినారు. సంస్కృత నాటక సంప్రదాయము మంగళాంతమును కోరుచుండగా, ఆయన విషాద సారంగధరమును శోకముతోనే ముగించినారు. పాత కొలబద్దతో చూచినచో అది నాటకమున దోషము. ఆ దోషమే తెలుగున విషాదాంత నాటకమునకు దారి తెరచినది. నాటకమున ఇట్లు ముగియరాదన్నవారికిని, ఫోనులోనిది కళ కాదన్నవారికిని కొలబద్ద ఒక్కటే. ప్రతి తుపాకి ఆటయు రేపటి సారంగధరమని చెప్పుట వెర్రి. వానిలో నూటికి తొంబది పాళ్లు చెత్తయే కావచ్చును. నాటకములలో మాత్రము కాదా? చెత్తను చెత్తయని కారణముతో చెప్పుటకైనను ఒక విమర్శకుడు కావలెను.

ఆ విమర్శకుడు బెంగుళూరు నుండియో హైదరాబాదు నుండియో దిగివచ్చునని ఎదురుచూడనక్కరలేదు. పద్యమునకు తెలుగు ఉపాధ్యాయుడు నిత్యము వేయు ప్రశ్నలే దీనికిని చాలును. మాటలాడుచున్నది ఎవరు? ఎవరితో? ఏ మాటను దాచుచున్నారు? ఎవరి చావునకు పేరున్నది, ఎవరి చావునకు లేదు? శత్రువునకు నోరున్నదా? ఆటగాడు చేయదలచియు చేయ వీలులేని పని ఏది? ఫోను పట్టుకొని ఆడనక్కరలేదు. ఆడినవానిని చెప్పనిచ్చి వినినచో చాలును. ఇన్నాళ్లు దాచుకొని ఆడినవాడు మొదటిసారి నిలువబడి చెప్పునపుడు మాటలు తడబడును. ‘బాగున్నది’ అనును, ఎందుకు బాగున్నదని అడిగినచో ‘ఊరకే’ అనును. ఆ ‘ఊరకే’ దాటించుటయే పాఠము.

ఆ తరువాత ఒక వ్యాసము వ్రాయింపవచ్చును. హిందూపురముననైన, పెనుకొండలోనైన తొమ్మిదవ తరగతి విద్యార్థి తాను ఆడిన ఆటలో ఒక యుద్ధమును ఎంచుకొనవలెను. దళము దిగినది, గుండ్లు కురియుచున్నవి, నౌక నుండి వీరగీతము వినబడుచున్నది. అప్పుడు తెర ప్రక్క నుండి నిమ్మలకుంట కేతిగాడు, జుట్టు ముడి ఊపుకొనుచు, లోపలికి దూకినాడు. సైనికుని ఎగాదిగా చూచి, వాడు మొదట ఏమని అడుగును?